రోజూ తారు, రోజూ మట్టి: నా పికప్‌కి ఏ టైర్లు వేయాలి?

ప్రశ్న: నమస్కారం అన్నగారూ. నేను మొక్కల నర్సరీ నడుపుతున్నాను. డబుల్ క్యాబిన్ పికప్ ఉంది, ఫోర్ వీల్ డ్రైవ్. నేనే నడుపుతాను. రానూపోనూ కలిపి రోజుకి 60 కిలోమీటర్లు తారు రోడ్డు, 9 కిలోమీటర్లు మట్టి, కంకర. వానలు పడే రెండు నెలలు ఆ మట్టిలో ఒక కిలోమీటరు మేర జిగురు బురద. వెనుక 500 నుంచి 600 కిలోల లోడు ఉంటుంది. బండితో వచ్చిన 245/70ఆర్16 టైర్లు 58 వేల కిలోమీటర్లు తిరిగి అరిగిపోయాయి. పోయిన వానల్లో రెండుసార్లు దిగబడితే ట్రాక్టరుతో లాగించుకున్నాను. టైర్లు అమ్మే ఆయన మడ్ టెర్రైన్ వేయించుకోమంటున్నారు. మా మరిది ఒక సైజు పెద్దవి వేస్తే బండి ఎక్కడైనా పోతుందంటున్నాడు. ఒకసారి కొంటే నాలుగేళ్లు వాటితోనే తిరగాలి కదా అని టెన్షన్‌గా ఉంది. మీరేమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చింది మీరు ఇచ్చిన లెక్క. రోజుకి 69 కిలోమీటర్లు తిరిగితే అందులో 60 తారు మీదే. బురద ఒక్క కిలోమీటరు, అదీ ఏడాదికి రెండు నెలలు. అమ్మే ఆయన ఆ ఒక్క కిలోమీటరుని చూసి టైరు చెబుతున్నారు. నేను మిగతా 68 కిలోమీటర్లను చూసి టైరు చెబుతాను. ఆ ఒక్కదానికి మందు వేరే ఉంది, అది మీ చేతిలో ఉండే గాలి మీటరు.

మీకు ఆల్ టెర్రైన్ టైర్లు కావాలి. సైజు ఇప్పుడున్నదే. ఎందుకో చెబుతాను.

ఇరవై ఏళ్లు నేను సర్వే బృందాల పికప్‌ల బాగోగులు చూసుకున్నాను. నడిపింది నేనే, టైర్లు మార్పించింది నేనే, దిగబడినప్పుడు పార పట్టిందీ నేనే. మొదట్లో మా బండ్లన్నిటికీ మడ్ టెర్రైన్లే ఉండేవి. బురదలో వాటికి సాటి లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. పెద్ద పెద్ద బటన్లు, అంటే నేలని పట్టే రబ్బరు దిమ్మలు, వాటి మధ్య వెడల్పాటి ఖాళీలు. చక్రం తిరుగుతుంటే ఆ ఖాళీల్లో ఇరుక్కున్న మట్టి విసిరేసినట్టు బయటికి పోతుంది, మళ్లీ కొత్త పట్టు దొరుకుతుంది.

కానీ ఆ ఖాళీలే తారు రోడ్డు మీద శత్రువులు. నేల మీద ఆనే రబ్బరు తక్కువ. తడి రోడ్డు మీద పట్టు ఇచ్చేవి బటన్ల మీద కత్తితో గీసినట్టుండే సన్నని కోతలు. మడ్ టెర్రైన్‌కి అవి చాలా తక్కువ ఉంటాయి. ఒకసారి తొలకరి వానలో ఖాళీ బండితో తిరిగి వస్తున్నాం. మా సహోద్యోగి నడుపుతున్నాడు, నేను పక్క సీట్లో ఉన్నాను. మలుపులో ముందు లారీ ఆగింది. బ్రేకు తొక్కాడు. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కటకటమని కొట్టుకుంటూనే ఉంది, బండి ఆగలేదు. లారీని తప్పించబోతే వెనుక భాగం తిరిగి రోడ్డు పక్క రెయిలింగుకి తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. వేగం గంటకి 50 కూడా లేదు. టైర్లు దాదాపు కొత్తవి. ఆ రోజు నుంచి తారు ఎక్కువ తిరిగే బండికి మడ్ టెర్రైన్ వేయమని నేనెవరికీ చెప్పలేదు. వానలో మీరు బ్రేకు తొక్కాల్సి వచ్చేది ఎక్కువగా తారు మీదే, బురదలో కాదు.

ఇంకో రెండు ఇబ్బందులు కూడా ఉన్నాయి. 80 దాటితే హోరు మొదలవుతుంది, అరిగేకొద్దీ అది పెరుగుతుంది. తారు మీద బటన్ల అంచులు త్వరగా, ఎగుడుదిగుడుగా అరుగుతాయి.

మరి ఇప్పుడున్న టైర్లు ఎందుకు మోసం చేశాయి? పికప్‌లతో సాధారణంగా వచ్చేవి హైవే టెర్రైన్ టైర్లు. గాడులు సన్నగా ఉంటాయి. జిగురు మట్టి వాటిలో నిండిపోతే టైరు చుట్టూ మట్టి పూత పూసినట్టవుతుంది, ఇక అది గుండు టైరుతో సమానం. పైగా 58 వేలు తిరిగాక గాడుల లోతే మిగలదు. అంటే మీరు దిగబడింది టైరు రకం వల్ల సగం, అరుగుదల వల్ల సగం. ఇవే టైర్లు కొత్తగా ఉన్న మొదటి ఏడాది వానల్లో దిగబడ్డారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. దిగబడలేదనే నా అనుమానం.

ఆల్ టెర్రైన్ ఈ రెండిటికీ మధ్యది. ఇది నిన్నమొన్నటి సరుకు కాదు. బీఎఫ్‌గుడ్రిచ్ 1976లోనే పికప్‌లకి రేడియల్ ఆల్ టెర్రైన్ టైరు తెచ్చింది. ఇప్పుడు దాదాపు ప్రతి కంపెనీ చేస్తోంది. అయితే ఆల్ టెర్రైన్ అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. షాపులో టైరుని నిలబెట్టి పక్క నుంచి చూడండి. భుజం దగ్గర, అంటే నేల మీద నడిచే భాగం సైడ్‌వాల్‌లోకి (టైరు పక్క గోడలోకి) వంగే చోట, బటన్ల మధ్య ఖాళీ బయటి దాకా తెరుచుకుని ఉండాలి. మట్టి బయటికి పోయే దారి అదే. అక్కడ మూసుకుపోయి ఉంటే అది ఆల్ టెర్రైన్ వేషంలో ఉన్న హైవే టైరు. తర్వాత గాడిలోకి వేలు పెట్టి చూడండి. అడుగున చిన్న చిన్న గట్లలాంటివి తగిలితే మంచిది. కంకర రాళ్లు గాడిలో ఇరుక్కుని రబ్బరుని తొలుచుకుంటూ లోపలికి పోకుండా అవి ఆపుతాయి. మూడోది, బటన్ల మీది సన్నని కోతలు పైపైన ఆగిపోయాయా, లోతుగా దిగాయా. పైపైనవైతే సగం అరిగేసరికి మాయమవుతాయి, అప్పుడు తడి రోడ్డు మీద పట్టు తగ్గిపోతుంది.

మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు రేకు ఉన్న గుర్తు కనిపిస్తే, ఆ టైరు మంచు మీద పట్టు పరీక్ష నెగ్గిందని అర్థం. మంచు కురిసే చోట్ల తిరిగేవాళ్లకి అది ముఖ్యం. మీకు అవసరం లేదు.

ఇప్పుడు అందరూ వదిలేసే విషయానికి వస్తాను. టైరు కొనేటప్పుడు అందరి కళ్లూ బటన్ల మీదే ఉంటాయి, సైడ్‌వాల్ వైపు ఎవరూ చూడరు. కంకర దారిలో చచ్చేది మాత్రం సైడ్‌వాలే. ఒకసారి ఎండిపోయిన వాగు దాటుతుంటే పదునైన రాయి ఒకటి మా వెనుక కుడి టైరు పక్కన నాలుగు వేళ్ల వెడల్పున కోసేసింది. చప్పున గాలి పోయింది. మేకు దిగితే పంక్చర్ వేయించుకోవచ్చు. నడిచే భాగంలో 6 మిల్లీమీటర్ల వరకు రంధ్రమైతే లోపలి నుంచి ప్యాచ్ వేసి నమ్మకంగా వాడుకోవచ్చు. సైడ్‌వాల్ కోసుకుంటే ఆ టైరు అంతే. అది ప్రతి చుట్టుకీ వంగి లేచే చోటు, అక్కడ వేసిన అతుకు నిలవదు. స్టెప్నీ వేసుకుని బయలుదేరాం. ఇంకొకటి పోతే రాత్రి అక్కడే. మిగతా ముప్పై కిలోమీటర్లు నేను ప్రతి రాయినీ చూసి చక్రం పెట్టాను.

అందుకే ఆల్ టెర్రైన్‌లోనూ రెండు రకాలున్నాయని తెలుసుకోండి. కార్ల తరహా నిర్మాణం ఒకటి, ఎల్‌టీ అని సైజు ముందు రాసి ఉండేది ఇంకొకటి. ఎల్‌టీ అంటే లైట్ ట్రక్. సైడ్‌వాల్ మందం, రబ్బరు ఎక్కువ, కోతలకి తట్టుకుంటుంది. వాటి మీద లోడ్ రేంజ్ సి, డి, ఇ అని ఉంటుంది. వాడుకలో 6 ప్లై, 8 ప్లై, 10 ప్లై అంటారు. అంటే లోపల పది పొరలుంటాయని కాదు. పూర్వం నూలు పొరలతో టైర్లు చేసిన రోజుల్లో అన్ని పొరలకి వచ్చే బలం దీనికుందని చెప్పడం. సాధారణంగా సి టైరుకి గరిష్ఠ గాలి 50 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత), డి కి 65, ఇ కి 80 ఉంటుంది.

గట్టిదే కదా అని కళ్లు మూసుకుని ఇ తీసుకోకండి. అది బరువెక్కువ, డీజిల్ కొంచెం ఎక్కువ తాగిస్తుంది, లోడు లేనప్పుడు బండి ఎగిరెగిరి పడుతుంది. మీ మొక్కల కుండీలకి ఆ కుదుపు మంచిది కాదు. మీ 9 కిలోమీటర్లలో ఉన్నది గుండ్రటి కంకర, మట్టి అయితే కార్ల తరహా ఆల్ టెర్రైన్ చాలు. పగలగొట్టిన పదునైన రాయి అయితే ఎల్‌టీ తీసుకోండి, దొరికితే సి. మీరు రోజూ చూసే దారి కాబట్టి ఇది మీరే తేల్చగలరు.

లోడు సంగతి. సైజు పక్కన 111ఎస్ లాంటి అంకె ఉంటుంది. 111 అంటే ఒక్క టైరు 1090 కిలోలు మోస్తుంది, 112 అయితే 1120. ఎస్ అంటే గంటకి 180 కిలోమీటర్ల వేగం వరకు. పాత టైరు మీదున్న అంకె కంటే కొత్తదానిది ఎప్పుడూ తక్కువ ఉండకూడదు. మీ 600 కిలోల్లో ఎక్కువ భాగం వెనుక ఇరుసు మీదే పడుతుంది. బండి బరువులో దాని వాటా, వెనుక సీట్లో మనుషులుంటే వాళ్లూ కలుస్తారు. అక్కడ రాజీ వద్దు.

ఇక గాలి. ఇదొక్కటి పట్టుబడితే మీ బురద కిలోమీటరు సగం దారికొచ్చినట్టే.

డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. ఖాళీ బండికి ఎంత, లోడు బండికి ఎంత అని అందులో ఉంటుంది. తారు మీద అదే ప్రమాణం. పొద్దున్న బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. నడిచిన టైరులో గాలి వేడెక్కి అంకె పెరిగి కనిపిస్తుంది, ఎక్కువైందని తీసేయకూడదు. ఒకవేళ ఎల్‌టీ వేయించుకుంటే, అదే బరువు మోయడానికి దానికి స్టిక్కర్ అంకె కంటే ఎక్కువ గాలి కావాలి. ఎంతన్నది ఆ కంపెనీ లోడు పట్టికలో చూసి చెప్పమనండి, ఉజ్జాయింపుగా వద్దు.

మట్టి మొదలయ్యే చోట ఆగి గాలి తగ్గించండి. గతుకుల కంకర మీద 35 ఉన్నది 27, 28కి దించితే చాలు. కుదుపు తగ్గుతుంది, రాయి తగిలినప్పుడు టైరు దాని చుట్టూ వంగుతుంది, కోసుకోదు. బురద కిలోమీటరు ముందు, వెనుక లోడు లేకపోతే 20 దాకా దించవచ్చు. లోడు ఉంటే 25 దగ్గర ఆగండి. గాలి తగ్గితే టైరు వెడల్పవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి నేల మీద ఆనే మచ్చ వెడల్పు కంటే పొడవు ఎక్కువ పెరుగుతుంది, ట్రాక్టర్ పట్టీలాగా. ఎక్కువ బటన్లు ఒకేసారి మట్టిని పట్టుకుంటాయి, బండి దిగబడకుండా తేలుతుంది. ఇసుకలోనైతే మేము 16 దాకా దించేవాళ్లం. గాలి తక్కువగా ఉన్నంతసేపూ మెల్లగా వెళ్లాలి. 20 దగ్గరైతే గంటకి 30 దాటకూడదు, స్టీరింగు ఒక్కసారిగా కోయకూడదు. లేకపోతే టైరు అంచు రిమ్ము నుంచి ఊడి వస్తుంది.

తిరిగి తారు ఎక్కే ముందు గాలి నింపాలి. ఇది మాత్రం మర్చిపోవద్దమ్మా, నేను మర్చిపోయి చూశాను. ఇసుక దాటి వచ్చాక చీకటి పడింది, త్వరగా చేరాలని 18 పీఎస్‌ఐ తోనే హైవే ఎక్కేశాను. నలభై నిమిషాల తర్వాత రబ్బరు కాలిన వాసన. దిగి చూస్తే వెనుక ఎడమ టైరు మీద చెయ్యి పెట్టలేనంత వేడి. మర్నాడు విప్పించి చూస్తే సైడ్‌వాల్ లోపలి వైపు రబ్బరు పొడిపొడిగా రాలి ఉంది. బయటికి ఏమీ తెలియలేదు. ఇంకో పావుగంట పోయి ఉంటే పేలేది. బండిలో ముగ్గురం ఉన్నాం.

కాబట్టి టైర్ల డబ్బులోంచే ఒక మంచి మీటరు, బ్యాటరీకి తగిలించుకునే కంప్రెసర్ కొనండి. రెండూ లేకుండా మడ్ టెర్రైన్లున్న బండి కంటే, రెండూ ఉన్న ఆల్ టెర్రైన్ బండి ఎక్కువ చోట్లకి వెళ్లి క్షేమంగా తిరిగొస్తుంది. అది నా అనుభవం.

మంచి ఆల్ టెర్రైన్ వేసి, గాలి దించినా ఆ జిగురు కిలోమీటరు కొన్ని రోజులు మిమ్మల్ని ఆపుతుంది. కుండపోత పడిన మర్నాడు పొద్దున్నే లోడుతో దానిలోకి దిగకండి. దిగాల్సి వస్తే ముందే ఫోర్ లో (నాలుగు చక్రాలూ తక్కువ వేగంలో ఎక్కువ బలంతో లాగే గేరు) వేసి, ఆగకుండా ఒకే వేగంతో లాగించండి, మధ్యలో గేరు మార్చవద్దు. చక్రాలు ఊరికే తిరుగుతున్నాయని తెలియగానే కాలు తీసేయండి. ఇంకా తొక్కితే మీ గొయ్యి మీరే తవ్వుకున్నట్టు.

మీ మరిది మాటకి వస్తాను. సైజులో మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమో, చివరిది అంగుళాల్లో రిమ్ము. 245/70ఆర్16 టైరు మొత్తం ఎత్తు 749 మిల్లీమీటర్లు. ఆయన చెప్పే పెద్ద సైజు 265/70ఆర్16 అయితే 777. తేడా 28 మిల్లీమీటర్లు. బండి కింద పెరిగే ఎత్తు అందులో సగం, 14 మిల్లీమీటర్లు. చిటికెన వేలంత. దానికి మీరిచ్చేది ఏమిటంటే, స్పీడోమీటర్ 100 చూపిస్తే అసలు వేగం దాదాపు 104. బరువైన చక్రాన్ని తిప్పడానికి ఇంజిన్, ఆపడానికి బ్రేకు ఎక్కువ కష్టపడాలి. లోడుతో స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు లోపలి ప్లాస్టిక్‌కి రాసుకోవచ్చు. పైగా ఇది బాగా గుర్తుంచుకోండి: కింద గట్టి నేల ఉండి పైన బురద ఉన్న చోట సన్నని టైరే నయం. అది బురదని కోసుకుని గట్టి నేలని అందుకుంటుంది. వెడల్పుది పైన తేలి జారుతుంది. కింద గట్టి నేలే లేని ఇసుకలాంటి చోట తేలడం కావాలి, అప్పుడు కూడా గాలి దించడమే పెద్ద ఉపాయం. మీ 245 వెడల్పు మీ దారికి సరిపోతుంది. మరిది మంచి మనసుతోనే చెప్పారు, ఈ లెక్క ఆయనకీ చూపించండి.

నాలుగూ ఒకేసారి మార్చండి, కుదిరితే స్టెప్నీతో కలిపి ఐదు. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు, వెనుక చక్రాల ఎత్తు తేడాగా ఉంటే గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. ప్రతి 8 వేల కిలోమీటర్లకి ఐదింటినీ చోట్లు మార్పించండి. టైర్లు వేయించిన రోజే అలైన్‌మెంట్ చేయించండి. గాడి అడుగున ఉండే 1.6 మిల్లీమీటర్ల గుర్తు దాకా ఆగకండి. మీ దారికి 4 మిల్లీమీటర్లు మిగిలినప్పుడే, అదీ వానాకాలం ముందు, మార్చేయడం మంచిది.

ప్రశ్న: నా పికప్‌కి 18 అంగుళాల రిమ్ములు వచ్చాయి, సైజు 265/60ఆర్18. చూడ్డానికి బాగున్నాయి కానీ గుంతల్లో గట్టిగా కొడుతున్నాయి. ఇప్పటికే ఒక రిమ్ము వంగింది. 17కి మారితే ఉపయోగముంటుందా?

జవాబు: ఉంటుంది. మూడు సైజులు పక్కపక్కన పెట్టి చూడండి. 265/60ఆర్18, 265/65ఆర్17, 265/70ఆర్16. మొత్తం ఎత్తు వరుసగా 775, 776, 777 మిల్లీమీటర్లు, అంటే ఒకటే. స్పీడోమీటర్ మారదు, గేర్లకి తేడా తెలియదు. మారేది సైడ్‌వాల్ ఎత్తు. మీ 18కి 159 మిల్లీమీటర్లు ఉంటే, 17కి 172, 16కి 185. గుంతకి, రిమ్ముకి మధ్య ఉన్న మెత్త అదే. గాలి తగ్గించి నడిపేటప్పుడు ఆ అదనపు ఎత్తు ఇంకా విలువైనది. రాయికి, రిమ్ముకి మధ్య టైరు నలిగిపోయే ప్రమాదం తగ్గుతుంది.

కాకపోతే చిన్న రిమ్ము మీ బ్రేక్ కాలిపర్‌కి, అంటే బ్రేకు డిస్కుని పట్టి ఆపే భాగానికి, తగలకూడదు. మీ మోడల్‌లోనే తక్కువ వేరియంట్ 17తో వస్తుందేమో చూడండి. వస్తే, బ్రేకులు కూడా రెండిటికీ ఒకటే అయితే నిశ్చింతగా మార్చుకోవచ్చు. లేకపోతే ఒక చక్రం తగిలించి, తిప్పి చూశాకే డబ్బు కట్టండి. వంగిన రిమ్ము లోపలి అంచుని కూడా ఈలోగా చూపించండి, పగులు ఉంటే దాన్ని ఇక వాడొద్దు.

ప్రశ్న: తక్కువ ధరకి కొత్త ఆల్ టెర్రైన్లు ఇస్తామంటున్నారు. ఎప్పుడు తయారైనవో ఎలా తెలుస్తుంది?

జవాబు: సైడ్‌వాల్ మీద డాట్ అని ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరుస ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం, 23వ వారం. ఒక పక్క వరుస అసంపూర్తిగా ఉంటే నాలుగంకెలు రెండో పక్క ఉంటాయి, టైరు తిప్పించి చూడండి. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది. ఏడాది, ఏడాదిన్నర లోపువైతే నేను తీసుకుంటాను. మూడేళ్లు దాటినవైతే ధర ఎంత తగ్గించినా వద్దు. తక్కువ కిలోమీటర్లు తిరిగేవాళ్లకి బటన్లు అరగకముందే వయసైపోతుంది. ఆరేళ్లు దాటిన టైరుని ఏటా విప్పించి లోపలా బయటా చూపించాలి, పదేళ్లయితే ఎంత కొత్తగా కనిపించినా తీసేయాలి. నాలుగు టైర్లకీ విడివిడిగా చూసుకోండి, స్టెప్నీది కూడా.